కొట్టుడు వీధివాడి కట్టుడు ఆట

తామ్రపురి కోట తూర్పు గుమ్మం దగ్గర కాపలా భటులు నలుగురు. మొదటివాడు వచ్చిన ముసలాయన చేతికర్ర లాక్కుని లోపల కత్తి ఉందేమోనని ఊపి చూశాడు. రెండోవాడు తలపాగా విప్పించాడు. మూడోవాడు చదరంగం పెట్టె తెరిచి ఎర్ర పావులు పదహారూ లెక్కపెట్టాడు. నాలుగోవాడు ముఖంలోకి చూసి ఒక అడుగు వెనక్కి వేశాడు.

"గుండయ్య తాతా! నువ్వు బతికే ఉన్నావా?"

"చచ్చానని నీకెవరు చెప్పార్రా?"

భటుడు పక్కకు తప్పుకున్నాడు. ముసలాయన కర్ర తాటించుకుంటూ లోపలికి వెళ్ళాడు. పది అడుగులు వేశాక పళ్ళు కొరికాడు. చావు కబురు తనకంటే ముందే కోట గుమ్మానికి చేరింది. అంటే మజ్జిగలో విషం కలిపించినవాడు ఈ కోటలోనే ఉన్నాడు.

ఆ ముసలాయన గుండయ్య కాదు. గుండయ్య మేనల్లుడు రేచన. వయసు ఇరవై ఆరు. గడ్డం మేక వెంట్రుకలది. నుదుటి మీద, చేతుల మీద ఉన్న ముడతలు తుమ్మబంక పూసి ఎండలో ఆరబెడితే పడ్డవి.

అసలు గుండయ్య అక్కడికి కోసెడు దూరంలో ఒక కుమ్మరి ఇంట్లో పడుకుని ఉన్నాడు. నాలుక వాచింది, మాట లేదు. పది వేళ్ళూ కొయ్యబారాయి. ముందురోజు పొద్దున సత్రంలో ఇచ్చిన మజ్జిగ రెండు గుక్కలు మింగి, మూడోది కక్కాడు. అందుకే ప్రాణం మిగిలింది. రేచన ఆ మజ్జిగ ముట్టలేదు. మామతో మాటలు లేవు గనక, మామ తాగిన కుండలోది తాగనని అరుగు చివర కూర్చున్నాడు. ఆ అలకే అతన్ని కాపాడింది. సత్రం వంటవాడు అప్పటికే గోడ దూకాడు.

అలక ఎందుకో చెప్పాలి. తామ్రపురి రాజ్యంలో గవ్వలపాడు అని ఒక ఊరుంది. ఊరంతా చదరంగమే. ఆడేవాళ్ళవి రెండు వీధులు: కొట్టుడు వీధి, కట్టుడు వీధి. కొట్టుడు వీధివాళ్ళు పదో ఎత్తుకల్లా ఎదుటి రాజు మీద పడతారు. గుర్రాన్ని బలి ఇస్తారు, ఏనుగును ఇస్తారు, మంత్రిని కూడా ఇస్తారు. ఆటకట్టు చేస్తారు, లేకపోతే చిత్తుగా ఓడి కండువా దులుపుకుని లేస్తారు. కట్టుడు వీధివాళ్ళు దేన్నీ ఇవ్వరు. బంటు పక్కన బంటును నిలబెడతారు. గుర్రానికి ఎవడూ కదపలేని గడి చూసి పెడతారు. ఏటవాలుగా నడిచే ఎదుటివాడి శకటుకు దారి మూస్తారు. యాభై ఎత్తుల తరవాత ఎదుటివాడు చూసుకుంటే పావులన్నీ ఉంటాయి, వాటిని పెట్టడానికి గడి ఉండదు.

చేతివాటం కూడా వేరు. కొట్టుడు వీధివాళ్ళు పావును ఎత్తి పలక మీద టప్పున పెడతారు. కట్టుడు వీధివాళ్ళు చూపుడువేలితో తోస్తారు. చప్పుడు రాదు. ఈ వీధి పిల్లను ఆ వీధికి ఇవ్వరు. గుండయ్య చెల్లెలు ఒక్కతే ఆ మాట కాదని కొట్టుడు వీధి కోడలైంది. ఆమె పిల్లలే రేచన, నీలమ.

"నువ్వు గెలవాలని ఆడవురా. ఎదుటివాడి మొహం పగలాలని ఆడతావు" అని దారిలో గుండయ్య అన్నాడు.

"నువ్వూ గెలవాలని ఆడవు మామా. ఓడకూడదని ఆడతావు" అని రేచన అన్నాడు.

"ఓడకుండా ఉంటే గెలుపు ఎక్కడికి పోతుందిరా?"

"ముసలితనానికి పోతుంది."

అంతటితో మాటలు ఆగిపోయాయి. మామ ముందు, పెట్టె మోస్తూ అల్లుడు వెనక, ముప్ఫై కోసులు అలాగే నడిచారు.

నడక గద్దె ఆట కోసం. తామ్రపురిలో ఎవడు రాజు కావాలన్నా ముందు గవ్వలపాడు పెద్దతో, అంటే ఇప్పుడు గుండయ్యతో, ఒక ఆట గెలవాలి. ఓడితే ఏడాది ఆగాలి, పెద్ద కోరిన ఒక ఖైదీని వదలాలి. సూర్యుడు కుంగేలోగా ఆట తేలకపోయినా, పెద్ద అసలు రాకపోయినా గద్దె అడిగినవాడిదే. సేనాపతి మొదలు గుర్రాలకు గడ్డి వేసేవాడి దాకా అందరూ కొలువులో చేరేటప్పుడు ప్రమాణం చేసేది ఆ చదరంగం పలక మీద చెయ్యి పెట్టే. అందుకే మాంత్రికుడు ఖర్వటుడు రాజును చంపి కోట పట్టుకుని నెల దాటినా గద్దె ఎక్కలేకపోయాడు. ఆట లేని రాజుకు ఒక్క బల్లెం కూడా లేవదు.

పెద్దకు ఆపద వస్తే మేనల్లుడు కూర్చోవచ్చు. అయితే ఆపద జరిగిందని ఒక సాక్షి పలక మీద చెయ్యి పెట్టి చెప్పాలి. గుండయ్యకు నోరు లేదు. కుమ్మరి ఏమీ చూడలేదు. వంటవాడు పరారీ. ఆడబోయేవాడి సాక్ష్యం చెల్లదు. సాక్షి లేకుండా పెద్ద పావును ముట్టినవాడికి రెండు చేతులూ నరుకుతారు. రేచన వేషం కట్టింది అందుకు.

అడగబోయే ఖైదీ నీలమ, రేచన చెల్లెలు. ఆమె పావులు చెక్కే మనిషి. గద్దె అడిగినవాడి ముఖాన్ని నల్ల రాజు పావుకు చెక్కడం ఆచారం. నీలమ ఎర్ర పావులు, నల్ల పావులు చెక్కి పంపింది. నల్ల రాజుకు ముఖం మాత్రం పెట్టలేదు. తల నున్నగా వదిలేసింది. ముఖం ఏదని ఖర్వటుడి మనుషులు అడిగితే, "ముఖం ఉన్నవాడైతే చెక్కేదాన్నే" అంది. ఆ మాటకు ఆమెను ఇనప బోనులో పెట్టి కందకం మీద వేలాడదీశారు. గద్దె ఖర్వటుడిదని శంఖం ఊదగానే తాడు వదలాలి. కందకంలో మొసళ్ళున్నాయి.

ఆట మండపానికి స్తంభాలు అరవై నాలుగు. ముప్ఫై రెండు తెల్లరాయి, ముప్ఫై రెండు నల్లరాయి. స్తంభానికొక భటుడు. పైన వేలాడే దీపాల్లో నూనె లేదు, ఒత్తి లేదు, మంట ఉంది. అది ఖర్వటుడి పని. పడమటి వైపు గోడ కట్టలేదు. అటు చూస్తే పిట్టగోడ, గోడ అవతల కందకం, కందకం మీదికి చాచిన దూలం, దూలానికి గిలక, గిలక మీదుగా తాడు. తాడు ఒక కొస పిట్టగోడ మీది గుంజకు కట్టి ఉంది. రెండో కొసకు బోను. బోనులో నీలమ మోకాళ్ళు పట్టుకుని కూర్చుని ఉంది.

రేచన ఒక్కసారే అటు చూశాడు. రెండోసారి చూస్తే కర్ర పారేసి పరుగెత్తేవాడు.

పలక మధ్యలో ఉంది. దాని పక్కన తాటాకుల కట్ట, గంటం పట్టుకుని బయ్యమ్మ కూర్చుంది. పలకమ్మ అని ఆమె బిరుదు. గద్దె ఆటలకు, గవ్వలపాడు పందాలకు ఆమెదే తీర్పు. గుండయ్య ఆడిన ప్రతి ఆటా నలభై ఏళ్ళుగా ఆమె ఆకుల మీద ఉంది.

ఖర్వటుడు వచ్చి కూర్చున్నాడు. పొట్టి మనిషి. ఎడమ చెవి సగమే ఉంది. భుజాల మీద రాబందు ఈకలతో కుట్టిన శాలువా. గుండయ్య వేషంలో ఉన్న రేచనను చూసి అతని చెయ్యి శాలువా మీద ఆగింది. ఇతను గుండయ్య కాలేడని అతనికి తెలుసు. ఎలా తెలుసో చెప్పలేడు. చెబితే విషం సంగతి చెప్పినట్టే.

"గుండయ్యా, దారిలో సత్రం బాగుందా?" అన్నాడు.

"వంట బాగుంది. వంటవాడే మంచివాడు కాదు" అన్నాడు రేచన.

ఖర్వటుడు బయ్యమ్మ వైపు తిరిగాడు. "అమ్మా, ఆడేది గుండయ్య చెయ్యి కాదని నీకు తోస్తే ఆట ఆపుతావు కదూ?"

"రుజువైతే ఆపుతాను. కత్తి తెప్పిస్తాను" అంది బయ్యమ్మ. ఆమె గొంతులో ఎవరి పక్షమూ లేదు.

రేచన ఎర్ర పావులు సర్దాడు. కుడివైపు గుర్రం ముందు పెట్టాల్సిన బంటు దగ్గర అతని బొటనవేలు ఆగింది. మిగతా బంట్లకు తలలు గుండ్రంగా ఉన్నాయి. దీనికి ముక్కు తగిలింది. నోరు తగిలింది. ఎడమ చెవి సగమే తగిలింది. రాజుకు పెట్టని ముఖాన్ని నీలమ బంటుకు పెట్టి మామ పెట్టెలో పంపింది.

అతనికి నవ్వు రాలేదు. గుండెలో మంట రేగింది. బంటు ముఖాన్ని తనవైపు తిప్పి గడిలో పెట్టాడు. ఖర్వటుడికి దాని వీపే కనపడుతుంది. నల్లవాటిలో రాజుకు వేరే వడ్రంగి చేత ముఖం పెట్టించారు. ముక్కు పెద్దదైంది.

ఆట మొదలైంది. పదేళ్ళుగా మామను ఓడించాలన్న పంతంతో అతని ఆటలన్నీ గుమ్మంలో నిలబడి చూసినవాడు రేచన. మామ ఏ ఎత్తుకు ముక్కు గోక్కుంటాడో కూడా తెలుసు. రాజు ముందు బంటు ఒక గడి, మంత్రి ముందు బంటు రెండు గళ్ళు, గుర్రం బంట్ల వెనక. చూపుడువేలితో తోశాడు. చప్పుడు రాలేదు. బయ్యమ్మ గంటం సాగింది.

తొమ్మిదో ఎత్తుకు ఖర్వటుడు ఒక బంటును ముందుకు తోసి, "ఆ బోనులో పిల్ల పొద్దుట్నుంచి అన్నం తినలేదు పాపం. మొసళ్ళూ తినలేదు" అన్నాడు.

రేచన ఆ బంటును కొట్టాడు. టప్పున కొట్టాడు.

గంటం ఆగింది. స్తంభాల దగ్గర భటులు తలలు తిప్పారు. ఖర్వటుడు నవ్వాడు.

"గుండయ్యా, చప్పుడు వచ్చిందే?"

"విన్నాను. వేళ్ళకు వాతం. పావు జారింది" అన్నాడు రేచన. ముడతల కింద చెమట పట్టింది. తుమ్మబంక మెత్తబడితే ముడత విడిపోతుంది.

బయ్యమ్మ అతని చేతి వంక చూసింది. "ఇంకోసారి జారితే రాసుకుంటాను" అని గంటం కదిపింది.

ఎదురుగా ఉన్నది కొట్టుడు వీధి చెయ్యి అని ఖర్వటుడికి తేలిపోయింది. ఇక ఆ చేతికి కొట్టే దారి చూపిస్తే చాలు, అదే బయటపడుతుంది. పదిహేడో ఎత్తుకు అతను ఏనుగును రాజు పక్కనుంచి తీసి దూరంగా పెట్టాడు.

రేచన చూశాడు. గుర్రంతో రాజు ముందున్న బంటును కొట్టాలి. రాజు గుర్రాన్ని తినాలి. మంత్రి దిగాలి, రాజుకు! రాజు పక్కకు జరగాలి, శకటు దిగాలి. ఐదు ఎత్తులు. అటు ఐదో ఎత్తుకు ఆట ముగుస్తుంది, ఇటు నీలమ కిందికి దిగుతుంది. కుడి చెయ్యి దానంతట అదే గుర్రం మీదికి వెళ్ళింది. కొట్టుడు వీధిలో ఈ ఎత్తు చూసి వదిలినవాడికి పిల్లనివ్వరు.

"చూస్తున్నావా? చూడు, చూడు" అన్నాడు ఖర్వటుడు.

ఆ గొంతు విని రేచన చెయ్యి ఆపాడు. ఎదుటివాడు చూడమంటున్నాడంటే చూడాల్సింది ఇంకెక్కడో ఉంది. మామ తిట్టే తిట్టు ఒకటి గుర్తొచ్చింది. 'కోపంగా చూసేవాడికి కొట్టే గడి కనపడుతుందిరా వెధవా, నిలబడే గడి కనపడదు.' గుర్రాన్ని ముట్టకముందే చెయ్యి వెనక్కి తీసి, ఎడమ చివరి బంటును ఒక గడి తోశాడు. గంటం సాగింది. తరవాత తీరిగ్గా చూస్తే పలక మూలన నల్ల శకటు ఒకటి కూర్చుని ఉంది. నాలుగో ఎత్తుకు అది ఆ దారంతా కోసేసి ఉండేది. గుర్రం పోయేది, మంత్రి పోయేది, చేతులు పోయేవి.

ఖర్వటుడి నవ్వు తగ్గింది.

ఆ తరవాత ముప్ఫై ఎత్తులు రేచన ఏదీ కొట్టలేదు. గుర్రాన్ని పలక మధ్యకు తెచ్చి నిలబెట్టాడు. దాన్ని తరమడానికి ఖర్వటుడి దగ్గర బంటు మిగల్లేదు. ఏనుగులు రెండూ ఒకే వరసలోకి తెచ్చాడు. మూలనున్న నల్ల శకటు ముందు బంటు నిలబెట్టాడు. అది ఆట ముగిసే దాకా అక్కడే ఉండిపోయింది. ఒక్కో ఎత్తుకు ఒక్కో గడి ఖర్వటుడి చేతిలోంచి పోయింది. ఎవరూ చావలేదు, ఎవరికీ చోటు మిగల్లేదు. రేచనకు కోపం తగ్గలేదు. దానికి కూర్చోవడానికి చోటు దొరికింది, అంతే.

నలభయ్యో ఎత్తుకు ఖర్వటుడు పెదవులు కదిపాడు. దీపాలు ఆకుపచ్చగా మారాయి. రేచన వేలు ఆన్చిన బంటు తేలైంది. కొండి ఎత్తి వేలి కణుపులో కుట్టింది. నొప్పి మోచేతి దాకా పాకింది. ఎవడైనా చెయ్యి విదిలిస్తాడు. కొట్టుడు వీధివాడైతే ఎత్తి పలకకేసి కొడతాడు. రేచన వేలు తియ్యలేదు. తేలును అలాగే తోశాడు. అది మళ్ళీ కుట్టింది. గడి దాటించి, అవతలి గడి మధ్యలో ఆపి, అప్పుడు వేలు తీశాడు. తేలు బంటైంది. బయ్యమ్మకు తేలు కనపడలేదు. బంటు ఒక గడి ముందుకు వెళ్ళిందని రాసుకుంది.

"గుండయ్యా, వేలు వాచిందే!" అన్నాడు ఖర్వటుడు. గొంతు మారింది.

"చెప్పాను కదా, వాతం."

నలభై తొమ్మిదో ఎత్తుకు సూర్యుడు కోట బురుజుకు రెండు బెత్తెల పైన ఉన్నాడు. ఖర్వటుడు అప్పుడు నెమ్మదించాడు. పావు ముట్టడానికి ముందు కళ్ళు మూసుకున్నాడు, గొంతు సవరించుకున్నాడు, నీళ్ళడిగాడు. రేచన లెక్క చూశాడు. గుండయ్య దారిలో ఈ ఆట గెలుపే. బంటు ఇంకో మెట్టు, ఏనుగు ఇంకో వరస, ఇరవై ఎత్తులు. ఇరవై ఎత్తులకు పొద్దు లేదు.

పలకను మళ్ళీ చూశాడు. ఈసారి మామలా చూడలేదు, తనలా చూశాడు. నల్ల రాజు మూలన ఉన్నాడు. అతని చుట్టూ మూడే గళ్ళు. ఒకటి పక్కన, ఖాళీ. దాని ముందుది ఖాళీ. ఇంకోటి రాజు ముందు, అదీ ఖాళీ. ఎర్ర బంటు ఒకటి అంచెలంచెలుగా వచ్చి ఆరో వరసలో నిలబడి ఉంది. ముక్కు, నోరు, సగం చెవి. దాని వెనక ఎర్ర శకటు కాచుకుని ఉంది. ముప్ఫై ఎత్తులు పావులను తమతమ చోట్ల నిలబెట్టినందుకే ఈ దారి పడింది. పదిహేడో ఎత్తు దారిలా ఇది ఎదుటివాడు చూపించింది కాదు.

ఇందులో మంత్రిని ఇవ్వాలి. గుండయ్య నలభై ఏళ్ళలో మంత్రిని ఇవ్వలేదు.

రేచన మంత్రిని చూపుడువేలితో తోశాడు. వాచిన వేలు కింద అది పలక మీద జారుకుంటూ పోయి నల్ల రాజు పక్క గడిలో ఆగింది.

"రాజుకు" అన్నాడు.

గంటం ఆగింది. ఖర్వటుడు లేచి నిలబడ్డాడు.

"ఆపమ్మా! చూశావా? గుండయ్య మంత్రిని ఇస్తాడా?"

బయ్యమ్మ పలకను చూసింది. ముసలాయన గడ్డాన్ని చూసింది. గడ్డం ఒక మూల ఊడి చెమటకు వేలాడుతోంది. 

"నలభై ఏళ్ళలో ఇవ్వలేదు. ఇవ్వకూడదని నియమం లేదు. పావు తోశాడు, చప్పుడు రాలేదు. ఎత్తు నీది."

మంత్రిని రాజు తినలేడు. ఎర్ర గుర్రం ఒకటి కాస్తోంది. తినగలిగింది నల్ల గుర్రం ఒక్కటే. ఖర్వటుడు గుర్రంతో కొట్టాడు. కొట్టిన గుర్రం రాజు పక్క గడిలో కూర్చుంది. ఇక రాజుకు అటు దారి లేదు.

రేచన బంటు మీద వేలు పెట్టాడు. ఒక్క గడి తోశాడు. బంటు జరగ్గానే దాని వెనకున్న శకటుకు దారి తెరుచుకుంది. రాజు పారిపోగల ఆఖరి గడి ఆ దారిలో ఉంది. బంటును తిందామంటే ఎర్ర ఏనుగు కాపు.

"బంటుతో ఆటకట్టు" అన్నాడు రేచన. బంటు ముఖాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని నెమ్మదిగా అవతలికి తిప్పాడు.

చదరంగంలో బంటు చేతిలో కట్టు తిన్న రాజుకు ఊళ్ళో నీళ్ళు పుట్టవంటారు. ఖర్వటుడు బంటును చూశాడు. ముక్కు చూశాడు, సగం చెవి చూశాడు. అతని చెయ్యి తన చెవి మీదికి వెళ్ళింది. దగ్గర్లో ఉన్న భటుడు తొంగి చూసి, ఆపుకోలేక ఫక్కున నవ్వాడు. నవ్వు స్తంభం నుంచి స్తంభానికి పోయింది.

ఖర్వటుడు రెండు చేతులూ పలక మీద బాది అరిచాడు.

"వీడు గుండయ్య కాడు! గుండయ్య నా విషం తాగాడు! నా మనిషి చేత నేనే పోయించాను. ఆ మజ్జిగ తాగినవాడు లేవడు! వీడి చేతులు నరకండి!"

మండపంలో నవ్వు ఆగిపోయింది. ఎవరూ కత్తి దుయ్యలేదు.

బయ్యమ్మ కొత్త ఆకు తీసుకుంది. "నీ చేతులు ఎక్కడున్నాయో చూసుకో నాయనా" అంది.

ఖర్వటుడు చూసుకున్నాడు. పది వేళ్ళూ పలక మీద ఉన్నాయి.

"పెద్దకు ఆపద జరిగిందని సాక్షి పలక మీద చెయ్యి పెట్టి చెప్పాడు. పెద్దకు ఆపద వస్తే మేనల్లుడు కూర్చోవచ్చు. ఏ వీధివాడివి బాబూ నువ్వు?"

రేచన గడ్డం పీకి పలక పక్కన పెట్టాడు. "కొట్టుడు వీధివాణ్ణి. గుండయ్య చెల్లెలి కొడుకుని."

"ఆ తొమ్మిదో ఎత్తుకే తెలిసింది. ఆపదకు సాక్షి లేక అడగలేదు. ఖైదీ పేరు చెప్పు."

"నీలమ."

సేనాపతి బల్లెం నేలకు ఆన్చి గుంజ వైపు నడిచాడు. ఖర్వటుడు అతని కంటే ముందు కదిలాడు. రాబందు ఈకల శాలువా తల మీదికి లాక్కున్నాడు. శాలువా కింద మనిషి లేడు. మనిషంత రాబందు ఒకటి పలక మీదనుంచి లేచి, పావులు చెల్లాచెదురు చేసి, పిట్టగోడ మీది గుంజ వైపు ఎగిరింది.

"గద్దె లేకపోతే పోయింది! ఆ పిల్లను మాత్రం వదలను!" అని అరిచింది. గొంతు ఖర్వటుడిదే.

రేచన కర్ర అందుకుని పలక మీదుగా దూకాడు. దారిలో దొర్లుతున్న బంటు చేతికి తగిలింది. అందుకుని పళ్ళ మధ్య పెట్టుకున్నాడు. గుంజ ముప్ఫై అడుగుల దూరం. రాబందు అప్పుడే దాని మీద వాలి తాడును ముక్కుతో కోస్తోంది. మూడు పేటల్లో ఒకటి తెగింది. కర్ర విసరాలని చెయ్యి లేచింది. తగిలితే పక్షి పడుతుంది. తగలకపోతే చెల్లెలు పడుతుంది. రేచన కర్ర పారేసి, గుంజకు కాకుండా గిలకకు దగ్గరగా ఉన్న తాడు మీదికి దూకి రెండు చేతులా పట్టుకున్నాడు. అప్పుడే మూడో పేట తెగింది.

బోను బరువు అతన్ని పిట్టగోడ మీదనుంచి లేపేసింది. తాడు అరచేతుల్లో కాలింది. దూలం ఎదురొచ్చింది. వేళ్ళు గిలకకు కొట్టుకుని నిలిచాయి. తేలు కుట్టిన వేలు అడుగున పడింది. బోను ఆగింది. కింద నీళ్ళు లేచాయి. బోను అడుగుకీ మొసలి నోటికీ మధ్య జానెడు ఎడం.

"అన్నా!" అని కిందినుంచి నీలమ కేక వేసింది. "గెలిచావా?"

పళ్ళ మధ్య బంటు ఉంది. రేచన తల ఊపాడు.

"కింద మూడున్నాయిరా! వదలకు!"

పిట్టగోడ మీద విలుకాండ్రు బాణాలు సంధించారు. "కుర్రాడు అడ్డంగా ఉన్నాడు, వెయ్యకండి!" అని సేనాపతి అరిచాడు.

రాబందు కందకం మీద ఒక చుట్టు తిరిగి దూలం మీద వాలింది. అడుగులో అడుగు వేసుకుంటూ అతని తల దగ్గరికి వచ్చింది. ఎడమ చెవి ఉండాల్సిన చోట దానికీ ఒక నొక్కు ఉంది. ముక్కు అతని కంటికి బెత్తెడు దూరంలో ఆగింది.

"కొట్టరా. కొట్టుడు వీధివాడివి కదూ? ఒక్క చెయ్యి చాలు నాకు. కొట్టు!" అంది.

 ఆ మెడ అతని కుడి చేతికి అందే దూరంలోనే ఉంది. ఇరవై ఆరేళ్ళుగా ఆ చేతికి తెలిసింది ఒక్కటే పని.

కింద మొసలి తోక నీటిని కొట్టింది.

రేచన కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. పళ్ళ మధ్య బంటు కిర్రుమంది. కుడి చెయ్యి మీద ఎడమ చెయ్యి వేసి, తాడు కొసను మణికట్టుకు ఒక చుట్టు చుట్టాడు.